చుట్టు తిప్పని దారం

పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, పొయ్యి మీద చాయ్ పెట్టి, మామకూ భర్తకూ గ్లాసులందించి, అత్త ఉప్పలమ్మ ముందు మురమురాల గిన్నె పెట్టి, ఆ తరువాత నవనీత మగ్గం గుంటలోకి దిగేది. ఆరో నెల నిండినా ఆ క్రమం మారలేదు. కొత్తగా చేరినదల్లా ఒక్క పని. గుంటలోకి దిగే ముందు ఆమె లోపలి గదిలోకి పోయి, తలుపు దగ్గరగా వేసి, రవికె కింది నుంచి వీపు మీదికి చెయ్యి పోనిచ్చి, బ్రా హుక్కులు విప్పుకొనేది. నాలుగు ఊపిర్లు నిండుగా తీసుకొనేది. మళ్ళీ హుక్కులు పెట్టుకొని, పళ్ళ నడుమ పెదవి బిగించి, బయటికి వచ్చేది. ఆ నాలుగు ఊపిర్లతోనే ఆమె మధ్యాహ్నం అన్నం వేళ దాకా నెట్టుకు రావాలి.

పోచంపల్లిలో వాళ్ళుండే వీధిలో ఇంటింటా మగ్గాలే. మామ రామచంద్రయ్య ఇంట్లో మాత్రం మగ్గం కంటే కొలతకు ఎక్కువ మర్యాద. అక్కడి పద్ధతిలో నేసిన తరువాత పువ్వు అద్దరు. నేయకముందే నూలును ఎక్కడికక్కడ ముడులు కట్టి రంగులో ముంచుతారు. ఆ ముడులు విప్పిన దారాలు మగ్గం మీదికి వచ్చినప్పుడు పువ్వు రెక్క పువ్వు రెక్కనే కలుసుకోవాలి. ముడికీ ముడికీ నడుమ ఎడం వెంట్రుకవాసి జరిగిందా, చీర పొడవునా పువ్వులన్నీ చెదిరిపోతాయి. అందుకే ఆ ఇంట్లో ప్రతిదానికీ ఒక కొలత ఉంది. పడుగుకు ఉంది, పేకకు ఉంది, రంగులో నూలు నానే వేళకు ఉంది, చివరికి కుండలో పోసే గంజి నీళ్ళకు కూడా ఉంది. కొలత లేనిదల్లా నవనీత ఒళ్ళు.

పెళ్ళికి ముందు, కాబోయే కోడలి బట్టలతో పాటు, ఆ బ్రాలను ఉప్పలమ్మే అంగడిలో కొన్నది. నేల మీద పరిచిన పట్టా, పట్టా మీద కుప్ప, కుప్ప చుట్టూ ఆడవాళ్ళ చేతులు. చేతికందిన దాన్ని తీసి, రెండు పక్కలా లాగి చూసి, "పడుతది తీ" అని సంచిలో వేసుకొన్నది. పిల్ల ఎదురుగా లేదు. ఉన్నా అడిగేది కాదు. అడిగితే పిల్ల చెప్పగలిగేదీ కాదు. మక్తల్ దగ్గరి పుట్టింట్లో నవనీతకు ఆమె తల్లి కొన్నదీ ఇట్లాగే. కొత్తలో అత్త కొన్నవి బిగువుగానే ఉండేవి. ఉతికి ఉతికి సాగిన తరువాత ఒంటికి అలవాటయ్యాయి. ఆ వస్తువుకు ఆ ఇంట్లో పేరు కూడా లేదు. 'లోపలిది' అంటారు, అదీ ఆడవాళ్ళు ఇద్దరే ఉన్నప్పుడు. ఉతికిన తరువాత దాన్ని తీగ మీద చీర మడత కింద దాచి ఆరేయాలి. చీరకు ఎండ తగులుతుంది, దానికి తగలదు. అందువల్ల అది ఎన్నడూ పూర్తిగా ఆరేది కాదు. ఆ తేమతోనే ఒంటి మీదికెక్కి, ఒరుసుకున్న చోటనే మళ్ళీ ఒరుసుకొనేది.

కడుపు నిలిచిన తరువాత ఆమె రొమ్ములు పెరిగాయి, పక్కటెముకలు విచ్చుకున్నాయి. కింది పట్టీ ఒంట్లోకి దిగబడింది. భుజాల మీద పట్టీలు పడే చోట చర్మం వాచి, పగిలి, రసి కారసాగింది. ఒకసారి ఆమె అత్తకు చెప్పింది. కడుపుతోటి ఉన్నప్పుడు అన్నీ గట్లనే ఉంటాయని ఉప్పలమ్మ అన్నది. భర్తకు చెప్పింది. అమ్మనడుగు అని దయాకర్ అన్నాడు.

ఆ ఇంటి మగ్గానికి ఒక గుణం ఉంది. నేసే మనిషి ఒంటి నొప్పి బట్ట మీదికి దిగుతుంది. రామచంద్రయ్యకు పన్ను సలిపిన వారంలో కొంగు చివర కందిన చుక్కలు పడ్డాయి. దయాకర్ బండి మీది నుంచి జారిపడి మోచెయ్యి గీరుకుపోయినప్పుడు అంచు వెంట గోధుమ రంగు గీరలు వచ్చాయి. మానిన నొప్పి కనిపించదు. మాననిది ఎంత పాతదైనా కనిపిస్తుంది. పడుచుతనంలో విరిగి సరిగా అతుక్కోని రామచంద్రయ్య మోకాలు ఇప్పటికీ వానాకాలపు చీరల్లో ఒక మూల బూడిద రంగు మచ్చగా వచ్చి కూర్చుంటుంది. వీధిలో దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. ఒక ఇంటి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఒక ఇంటివి తియ్యగా ఉంటాయి, ఇదీ అంతే. నొప్పి ఉన్నవాళ్ళు మగ్గం వదులుతారు, లేనివాళ్ళు కూర్చుంటారు, చీర పూర్తవుతుంది.

నవనీత భుజాల పుండ్లు ముదిరిన ఆ రోజు మగ్గం మీద ఉన్నది మామిడి చిగురు రంగు చీర. ఎవరో పెండ్లివారి కోసం షావుకారు నరసింహ నూలిచ్చి నేయిస్తున్నాడు. మధ్యాహ్నం దయాకర్ నేసిన బట్టను మగ్గం ముందరి దోనె కర్రకు చుట్టబోయి ఆగిపోయాడు. పై నుంచి కిందికి రెండు ఎర్రని గీతలు దిగాయి. వాటిని కలుపుతూ అడ్డంగా ఇంకొకటి, లోతుగా, అంచులు కమిలి. ఆ అడ్డగీత నడుమ, ఒకదాని కింద ఒకటిగా చిన్న చిన్న చుక్కలు. ఒక స్త్రీ వీపును బట్ట మీద అచ్చొత్తినట్టు, హుక్కులతో సహా.

అది ఏమిటో అక్కడ ఉన్న అందరికీ ఒక్క చూపులోనే తెలిసిపోయింది. రామచంద్రయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకొని మళ్ళీ పెట్టుకోలేదు. ఉప్పలమ్మ భుజం మీది తువాల తీసి ఆ భాగం మీద కప్పింది. ఆ తరువాత మొదలైంది చర్చ. ఈ భాగం కుచ్చిళ్ళలోకి పోతుందా, పోదా? పోయినా, నడిచేటప్పుడు కనబడదా? రంగు మీద రంగు వేస్తే అణుగుతుందా? తండ్రీ కొడుకులు తువాల అంచు ఎత్తి చూస్తూ, దించుతూ, వెలుగుకు పెడుతూ పొద్దు వాలే దాకా మాట్లాడుకున్నారు. 'గా గీతలు' అన్నారే తప్ప ఇంకొక మాట అనలేదు. చీరకు తగిలిన దెబ్బను అంత శ్రద్ధగా పరిశీలించిన ఆ నాలుగు కళ్ళలో ఒక్కటైనా, చీర పక్కనే పీట మీద కూర్చొని ఉన్న మనిషి వైపు తిరగలేదు. నవనీత దారపు కండెలు చుడుతూ ఆ మాటలన్నీ విన్నది. ఆమెకు మొదట సిగ్గనిపించింది. ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. దాని కింది నుంచి, ఇగురుతున్న పాల కింద మాడు పట్టినట్టు, కోపం పట్టుకొన్నది.

సాయంత్రం నరసింహ వచ్చాడు. తువాల తొలగించి చూశాడు. అతనికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

"అన్నా, మీ ఇంట్ల ఎవలకో పాణం మంచిగ లేనట్టున్నది," అన్నాడు రామచంద్రయ్యతో, నవనీత వైపు చూడకుండా. "జర ఆమెను దింపి ఇంకొకలను కూసోబెట్టుండ్రి. పెండ్లోళ్ళు ఆగరు. సరుకు ఖరాబైతే నేనేం జవాబు చెప్పాలె?"

రామచంద్రయ్య తలూపాడు. దయాకర్ కూడా తలూపాడు.

"చీరకు కాదు మామా, నొస్తున్నది నాకు," అన్నది నవనీత.

గొంతు పెంచలేదు. అయినా ఆ మాట తరువాత నరసింహ చెప్పుల కోసం వెతుక్కున్నాడు. రామచంద్రయ్య గోడ వైపు తిరిగి, "దయాకర్, రేపు గా పిల్లను చౌటుప్పల్ తీస్కపో" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఎందుకో అందరికీ తెలుసు.

చౌటుప్పల్‌లో ఆ దుకాణం ముందు దయాకర్ బండి ఆపి, తాను బయటే ఉంటానన్నాడు. పువ్వులో దారం ఒక్కటి పక్కకు జరిగితే గది అవతలి నుంచి కనిపెట్టగల మనిషి అతడు. రాత్రీ పగలూ పక్కనే మసలుతున్న భార్య భుజాల మీద వేలు దిగేంత గాడి పడితే అతని కంట పడలేదు. ఇప్పుడు ఫోన్‌లోకి తల వంచి నిలబడ్డాడు. నవనీత ఒక్కతే మెట్లెక్కింది.

గల్లా ముందు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళున్నారు. దుకాణదారు నడివయసు మనిషి. ఎంత సైజు అని అందరూ వినేట్టు అడిగాడు. తెలియదన్నది. కొలిచేటందుకు ఆడమనిషి ఎవరన్నా ఉన్నారా అన్నది. అతడు నవ్వాడు.

"కొలుసుడెందుకమ్మ? ఇన్నేండ్లసంది అమ్ముతున్న. సూస్తే సమజైతది నాకు."

అని, నిజంగానే చూశాడు. సంతలో బర్రె పొదుగు చూసే తీరుగా ఒకసారి ముందుకు, ఒకసారి పక్కకు చూసి, స్టూలెక్కి రెండు డబ్బాలు దించి బల్ల మీద పడేశాడు. కడుపుతో ఉన్నవాళ్ళకు వేరేగా ఏమన్నా ఉంటాయా అని ఆమె అడిగింది. వేరేగా ఏమీ ఉండవనీ, పెద్దదంటే పెద్దదేననీ, అందరూ అవే కొంటారనీ చెప్పాడు. తొడిగి చూసుకునే జాగా లేదన్నాడు. తెరిచింది వాపసు తీసుకోనన్నాడు. వెనక నిలబడ్డ ఒక ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు నవనీతకు అర్థమైంది. ఆ నవ్విన మనిషి కూడా ఒకనాడు ఇక్కడే, ఇట్లాగే నిలబడి ఉంటుంది. డబ్బా సంచిలో పెట్టుకొని నవనీత మెట్లు దిగింది.

పెద్దదాని సంగతి ఇంటికి వచ్చి తొడుక్కున్నాకే తెలిసింది. కింది పట్టీ వదులుగా ఉండి, చెయ్యి ఎత్తిన ప్రతిసారీ వీపు మీద పైకి ఎగబాకింది. పట్టీలు భుజాల నుంచి జారిపోతుంటే బిగించాల్సి వచ్చింది. బిగించేసరికి బరువంతా పగిలిన చోటనే పడింది. పేక దారాన్ని అటూ ఇటూ నడిపే నాడెను విసిరే చెయ్యి పక్కన, చంక కింద, కొత్తగా ఒరిపిడి మొదలైంది. కొత్తది తెచ్చాం కదా అని మళ్ళీ ఆమెనే కూర్చోబెట్టిన మగ్గం, వారం తిరిగేసరికి ఆ సంగతి కూడా చెప్పింది. అడ్డగీత వీపు నడిమి నుంచి పైకి ఎక్కి వంకరగా పోయింది. నిలువు గీతలు ముందటి కంటే నల్లబడ్డాయి. ఉప్పలమ్మ బట్టను చూసి కోడలిని తప్పుపట్టింది. పెద్దది తెచ్చుకున్నది కదా, ఇంకేం కావాలి, ఎంత సుకుమారం అన్నది.

దయాకర్ మనసులో కొంచెం కదలిక వచ్చింది కాబోలు, ఆ రోజు ఫోన్ తెచ్చి నవనీత ముందు పెట్టాడు. "ఇండ్ల ఉన్నయి, కడుపుతోటి ఉన్నోళ్ళకని వేరేనే ఉన్నయి," అన్నాడు. "గని ముందుగాల కొలత అడుగుతాంది. రెండు కొలతలు." ఇంట్లో టేపుంది. రవికెలు కుట్టే దారపుండలున్నాయి. నవనీత లేచి టేపు అందుకున్నది. ఉప్పలమ్మ వచ్చి ఆమె చేతిలోంచి దాన్ని లాక్కున్నది.

అది ఆ ఇంటి కట్టడి. కడుపుతో ఉన్న మనిషి చుట్టూ దారం తిప్పకూడదు, టేపు తిప్పకూడదు, ఏదీ చుట్టి కొలవకూడదు. తిప్పితే లోపల బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుంది. పొద్దంతా దారాల నడుమ కూర్చొని నేయవచ్చు, కండెలు చుట్టవచ్చు, మోకాళ్ళ మీద నూలు చిక్కులు తీయవచ్చు. షావుకారుకు పనికివచ్చే ప్రతి దారమూ మంచిదే. ఆమెకు పనికివచ్చే ఒక్క దారమే ప్రాణాంతకం. నవనీత ఈ మాటను పైకి అన్నది కూడా. ఉప్పలమ్మ టేపును బియ్యం డబ్బాలో అడుగున పెట్టి మూత వేసింది.

నెల పరీక్షకు దవాఖానకు పోయినప్పుడు అత్తాకోడళ్ళిద్దరూ కలిసే పోయారు. అక్కడి నర్సు కరుణ నవనీతను బల్ల మీద పడుకోబెట్టి టేపు తీయగానే ఉప్పలమ్మ ముందుకు వచ్చింది. "పొట్ట మీద నిలువుగ పరిచి కొలువు బిడ్డా. చుట్టు తిప్పకు." కరుణకు ఇట్లాంటివి అలవాటే కాబోలు, సరేనన్నది. నిలువునే కొలిచింది. తరువాత రవికె పక్కకు జరిపి భుజం చూసి, ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇది నీకు పెద్దదీ, చిన్నదీ రెండూ," అన్నది. "కింద వదులు, పైన ఇరుకు. ఎవరు కొలిచిండ్రు?"

ఎవరూ కొలవలేదని నవనీత చెప్పింది. కరుణ కోపంగా ఊపిరి విడిచింది. ఇది సోకు కోసం వేసుకునేది కాదనీ, ఎనిమిదీ తొమ్మిదీ నెలల్లో వీపు మీద పడే బరువును మోసేది ఇదేననీ అన్నది. రొమ్ముల కింద ఒక కొలత, నిండుగా ఉన్న చోట ఒక కొలత తీసుకోవాలి. కింది పట్టీ వీపు మీద సమంగా నిలవాలి, దాని కింద రెండు వేళ్ళు దూరాలి. పట్టీలు వెడల్పుగా ఉండాలి. నూలు బట్టది కావాలి, లోపల తీగ ఉండకూడదు. హుక్కుల వరుసలు ఎక్కువ ఉన్నది తీసుకుంటే, ఒళ్ళు పెరిగినకొద్దీ వదులు చేసుకుంటూ పోవచ్చు. కాన్పు దగ్గరపడ్డాక ఇంకోసారి కొలుచుకోవాలి. ఇదంతా చెప్పి, ఒక్క నిమిషం పని, ఇప్పుడే కొలుస్తానని టేపు చేతిలోకి తీసుకొన్నది. ఉప్పలమ్మ ఆమె మణికట్టు పట్టుకున్నది. ఆ పట్టు సడలకపోవడం చూసి కరుణ టేపు కింద పెట్టింది.

బస్సు కోసం ఎదురుచూస్తూ బల్ల మీద కూర్చున్నప్పుడు ఉప్పలమ్మ ఆ సంగతి చెప్పింది. దయాకర్ కంటే ముందు ఒక ఆడపిల్ల. ఏడో నెలలో ఉప్పలమ్మ తల్లి చూసిపోదామని వచ్చింది. కూతురు రవికె ఒంటికి పట్టక అవస్థ పడుతున్నదని కొత్తది కుట్టిద్దామనుకున్నది. నూలు పోసే చట్రం, ఆసు మీది నుంచి పోగు తెంపి రొమ్ముల చుట్టూ కొలిచింది. అదే చేతితో, నవ్వుతూ, మనుమరాలు ఎంత పెద్దదో చూద్దామని పొట్ట చుట్టూ కూడా తిప్పింది. అప్పుడే ఉప్పలమ్మ అత్త లోపలికి వచ్చింది. పోగు తెంపేసింది. కొత్త రవికె కుట్టనివ్వలేదు. నెలలు నిండాక పిల్ల మెడకు పేగు చుట్టుకొని పుట్టింది. ఏడవలేదు.

"నా తల్లి మళ్ళ ఆ గడప తొక్కలే," అన్నది ఉప్పలమ్మ. "తొక్కనియ్యలే. నేను గూడ రమ్మనలే."

ఇంత దుఃఖం మీదికి నవనీత ఏ కోపాన్ని విసరగలదు? అయినా బస్సులో కిటికీ పక్కన కూర్చున్న తరువాత ఆమెకు తెలిసింది, కోపం తగ్గలేదని. అది నిలబడే చోటు మాత్రం మారింది. ఇంతమంది ఉన్న ఇంట్లో, ఇన్నేళ్ళలో, ఆ తల్లి తప్పు లేదని, ఆ పోగు తప్పు లేదని అత్తకు ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు?

మళ్ళీ నరసింహ వచ్చాడు. పెండ్లి దగ్గరపడింది, ఈసారి చీర కొత్తగా మొదలుపెట్టాలి, నూలు ఇస్తాను కానీ ఆ అమ్మాయి మగ్గమెక్కకూడదన్నాడు. రామచంద్రయ్య మోకాలికి గుంటలో కాలు మడవడం కష్టం. దయాకర్‌కు రంగుల పని ఉంది. ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న వచ్చినప్పుడు ఉప్పలమ్మ నేను కూర్చుంటానన్నది. అందరూ ఆమె వైపు చూశారు. పెండ్లయిన కొత్తలో ఆ మగ్గం మీద ఆమెదే చెయ్యి. ఆ కాన్పు తరువాత ఎక్కనేలేదు. ఆసు పోయడం, రంగు కోసం నూలుకు ముడులు వేసే చిటికి కట్టడం, కండెలు చుట్టడం, ఇవే ఆమె పనులైపోయాయి. ఎందుకెక్కలేదో ఎవరూ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. చీర ఆగకుండా నడిస్తే చాలు.

ఉప్పలమ్మ గుంటలోకి దిగి, తొక్కుడుకర్రల మీద పాదాలు పెట్టి, కొంగు నడుముకు దోపి, నాడె విసిరింది. చెయ్యి మరిచిపోలేదు. మొదట వచ్చినవి భుజాల కీళ్ళ నొప్పులు. పొద్దంతా చెయ్యి అటూ ఇటూ చాచి ఆసు పోసిన ఆడవాళ్ళందరికీ ఉండే నొప్పి అది. బట్ట మీద రెండు గుండ్రని నీలపు మచ్చలుగా పడింది. ఆమె పట్టించుకోలేదు. నేస్తూనే ఉంది. మధ్యాహ్నానికి ఇంకొకటి దిగడం మొదలైంది.

చంకల దగ్గర రెండు కుట్టుగీతలు. రొమ్ముల కింద ఒక ముడి గుర్తు, దాని నుంచి రెండు వైపులా ఒంట్లోకి కోసుకుపోయినంత లోతుగా గీత. ఒంటికి పట్టని పాత రవికె అది. తొమ్మిదో నెల దాకా విప్పి కొత్తది తొడగనివ్వని రవికె. దాని మీదుగా, అడ్డంగా, జానెడు వెడల్పున, నల్లగా కమిలిన పట్టీ. అదేమిటో నవనీతకు తెలియలేదు. ఉప్పలమ్మకు తెలిసింది. బిడ్డ లేకుండా వచ్చిన పాలు ఎండిపోవాలని, పాత చీర చింపి, మోకాలు ఆనించి లాగి, ఆమె రొమ్ములకు బిగించి కట్టిన కట్టు. ఆ కట్టు కింద జ్వరంతో ఆమె ఎన్నాళ్ళు పడి ఉన్నదో ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడలేదు.

ఆమె ఆగలేదు. ఇంకా కిందికి నేసింది. ఆమె దేనికోసం నేస్తున్నదో నవనీతకు అప్పుడు అర్థమైంది. తానూ గుంట అంచున కూర్చొని చూసింది. పొట్ట భాగం వచ్చింది. తల్లి పోగు తిప్పిన చోటు వచ్చింది. ఉప్పలమ్మ నాడె ఆపి, బట్ట మీద వేలు పెట్టి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా జరిపింది. వెనక్కి జరిపింది. లేత మామిడి చిగురు రంగు తప్ప అక్కడేమీ లేదు. ఒక పోగంత గీత లేదు.

రామచంద్రయ్య వచ్చి వెనక నిలబడ్డాడు. బట్టను చూశాడు. అద్దాల కోసం చెయ్యి పోయింది కానీ ఈసారి తీయలేకపోయాడు.

"నా తల్లి కొలిసిన గుర్తు యాడున్నది?" అన్నది ఉప్పలమ్మ, వెనక్కి తిరగకుండానే. "మీ అమ్మ కట్టింది ఉన్నది. నువ్వు సూసుకుంట నిలబడ్డది ఉన్నది. నా తల్లిది యాడున్నది, సూపియ్యి."

అతడు ఏదో అనబోయాడు. ఆ కాలంలో పెద్దవాళ్ళకు ఎదురు చెప్పేదెట్లా అన్నట్టు చేతులు కదిలాయి.

"ఒక్క మాట. గామె తప్పేం లేదని ఒక్క మాట అననీకె నీకు నోరు రాకపాయె. నా తల్లి నా మొఖం సూడకుంటనే పాయె."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే అతనికి సులువయ్యేది. కత్తెర తీసుకొని, సగం నేసిన చీరను మగ్గం మీదనే అడ్డంగా కోసింది. పెండ్లివారి చీరను అట్లా కోయడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. అయినా ఆపడానికి ఒక్క చెయ్యి లేవలేదు. ఆ ముక్కను మడిచి రామచంద్రయ్య చేతుల్లో పెట్టింది. నరసింహ వచ్చినప్పుడు నువ్వే చూపించు, నువ్వే చెప్పు అన్నది. తరువాత గుంటలోంచి లేచి, ఆసు దగ్గరకు పోయి, పోగు ఒకటి తెంపింది.

"రా బిడ్డా," అన్నది నవనీతతో. "చేతులు ఎత్తు."

లోపలి గది తలుపు ఆమె బార్లా తెరిచే ఉంచింది. మగవాళ్ళే వాకిట్లోకి జరిగారు. పోగును రొమ్ముల కింద చుట్టి, వీపు మీద సమంగా ఉందో లేదో వంగి చూసి, రెండు చివరలు కలిసిన చోట ముడి వేసింది. ఇంకొక పోగును నిండుగా ఉన్న చోట తిప్పి ముడి వేసింది. చుట్టు పూర్తయ్యేటప్పుడు ఒకసారి కళ్ళు మూసుకున్నది. అయినా తిప్పడం ఆపలేదు. ఆమె వేలు భుజం మీది పుండుకు తగిలినప్పుడు నవనీత ఉలిక్కిపడింది. ఉప్పలమ్మ అక్కడ చూసి, చాలాసేపు చూసి, "ఇంతుందని నేను సూడనే లేదు గద" అన్నది. కోడలు 'పర్వాలేదు' అనలేదు. పర్వాలేదని అనకపోవడం ఆ ఇంట్లో ఆమె చేసిన మొదటి పెద్ద పని కావచ్చు.

మరునాడు చౌటుప్పల్ దుకాణం మెట్లు ఇద్దరూ కలిసి ఎక్కారు. ఎంత సైజు అని అతడు అందరూ వినేట్టు అడిగాడు. ఉప్పలమ్మ కొంగు ముడి విప్పి రెండు పోగులు గల్లా మీద పరిచింది. "గిది కింద, గిది మీద. టేపు పెట్టి సూడు. మనిషిని సూడకు." నూలుది కావాలి, పట్టీలు వెడల్పుగా ఉండాలి, తీగ ఉండొద్దు, హుక్కుల వరుసలు ఎక్కువ ఉండాలి అని ఒక్కొక్కటే, అతని కంటే పెద్ద గొంతుతో చెప్పింది. గల్లా ముందు నిలబడ్డ ఆడవాళ్ళు ఈసారి నవ్వలేదు. తమ చేతుల్లోని డబ్బాలను కింద పెట్టి వింటున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళకు వేరేగా ఉండవన్న మనిషి, స్టూలెక్కి, వెనకాలి అరలోంచి దుమ్ము పట్టిన పెట్టెలు దించాడు. ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచో ఉన్నాయి. అడిగి నిలబడ్డవాళ్ళు లేరు కనుక తీసి చూపలేదు, అంతే.

తొడిగి చూసుకునే జాగా లేదని అతడు అంటుండగానే ఉప్పలమ్మ సరుకులుంచే గది తలుపు తోసి, కోడలిని లోపలికి పంపి, తానూ దూరి గొళ్ళెం పెట్టింది.

మొదటిది చంకల కింద పట్టేసింది. తీసేశారు. రెండోదానికి కప్పు ఇరుకు. మూడోది తొడిగి, చివరి కంటే ముందటి హుక్కుల వరుస పెట్టి, ఉప్పలమ్మ పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూసింది. దూరాయి. చేతులెత్తమన్నది. నాడె విసిరినట్టు విసరమన్నది. పట్టీ కదలలేదు. నవనీత ఊపిరి తీసుకొన్నది. అది ఆగకుండా లోపలికి పోతూనే ఉంది, పక్కటెముకల చివరి దాకా, అక్కడి నుంచి ఇంకా కిందికి. లోపల బిడ్డ ఒకసారి ఒత్తిగిలింది. ఇన్ని నెలలు తాను గుక్కెడు గుక్కెడుగా బతికిందని ఆమెకు అప్పుడు తెలిసింది. వెంటనే, ఇంత చిన్న వస్తువు కోసం ఇన్ని నెలలా అన్న మండిపాటు కూడా ఆ ఊపిరితోనే నిండుగా వచ్చింది.

బయటి నుంచి దుకాణదారు తలుపు తట్టాడు. అయిందా అమ్మా, వేరే గిరాకీ ఉన్నది అన్నాడు.

ఉప్పలమ్మ కొంగు పక్కకు తీసి, రవికె ముడి విప్పింది. విప్పిన చోట చర్మం మీద, ఎన్నేళ్ళ నాటిదో తెలియని గాడి తెల్లగా మెరిసింది. కొంగు ముడిలో మిగిలిన ఇంకొక పోగు కోడలి చేతికి ఇచ్చి, రెండు చేతులూ తల మీదికి ఎత్తి నిలబడింది.

"కాలే," అన్నది తలుపు వైపు తిరిగి. "లోపల ఇంకొక మనిషి ఉన్నది. కొలిసేదున్నది."